బ్రాండ్‌లు, క్రియేటర్లు ఎక్కువ కాలం కలిసి పనిచేయాలంటే: మొదటి మెసేజ్ నుంచి రెన్యువల్ దాకా

“మొదటి వీడియో బాగానే వచ్చింది, వ్యూస్ కూడా పడ్డాయి. ఆ తర్వాత మేమూ పలకరించలేదు, వాళ్లూ పలకరించలేదు. ఎక్కడ తేడా కొట్టింది?” ఈ ప్రశ్న బ్రాండ్‌లు నడిపేవాళ్లూ అడుగుతారు, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి చోట్ల వాళ్ల కోసం వీడియోలు చేసే క్రియేటర్లూ అడుగుతారు. మాటలు కూడా దాదాపు ఇవే.

చాలాసార్లు తేడా వీడియోలో ఉండదు. బ్రీఫ్, అంటే వీడియోలో ఏం కావాలో బ్రాండ్ రాసిచ్చే కాగితం, అరకొరగా వస్తుంది. మార్పులు విడతలు విడతలుగా అడుగుతారు. డబ్బు కోసం క్రియేటర్ మెయిల్ మీద మెయిల్ పెట్టాల్సి వస్తుంది. ఫలితం ఏమైందో చివరికి ఎవరూ చెప్పరు. రెండో వీడియో రాకుండా చేసేవి ఇవే. అందుకే మొదటి డీల్ మాట్లాడుకునేటప్పుడే ఆ తర్వాతి పనిని కూడా మనసులో పెట్టుకోవాలి. కింది వరుస అందుకోసమే. ఎక్కువగా బ్రాండ్ వైపు నుంచి రాశాను. క్రియేటర్లు చూసుకోవాల్సినవి 11వ భాగంలో విడిగా ఉన్నాయి.

## 1. వెతకడానికి ముందు మీ వైపు పని తేల్చుకోండి

ముందు లక్ష్యం ఒక్కటే పెట్టుకోండి. “పేరు తెలియాలి, అమ్మకాలు పెరగాలి, యాడ్స్‌కి వాడుకునే వీడియోలు కూడా రావాలి” అని మూడూ ఒకే డీల్‌లో పెడితే ఏదీ సరిగ్గా జరగదు. ఎందుకంటే మూడింటికీ కావాల్సిన మనుషులు వేరు.

కొత్తవాళ్లకి పరిచయం కావాలంటే రీచ్ ఉన్నవాళ్లు, అంటే ఎక్కువమందికి చేరేవాళ్లు కావాలి. అమ్మకాలు కావాలంటే ఎవరి మాట మీద నమ్మకంతో ప్రేక్షకులు కొంటున్నారో వాళ్లు కావాలి, ఫాలోవర్లు తక్కువైనా పర్వాలేదు. యాడ్స్‌కి వీడియోలు మాత్రమే కావాలంటే చక్కగా షూట్ చేసి, స్పష్టంగా మాట్లాడగలిగితే చాలు. అక్కడ ఫాలోవర్ల సంఖ్యతో పనే లేదు.

తర్వాత మనిషి. క్రియేటర్‌తో మాట్లాడేది మీ వైపు నుంచి ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరికి “సరే” అనే అధికారం కూడా ఉండాలి. మార్కెటింగ్ నుంచి ఒకరు, ఏజెన్సీ నుంచి ఒకరు, అకౌంట్స్ నుంచి ఇంకొకరు మెసేజ్‌లు పెడితే క్రియేటర్‌కి ఎవరి మాట వినాలో తెలియదు.

బడ్జెట్ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. పదిమందితో ఒక్కో పోస్ట్ చేయించడం కన్నా ముగ్గురితో మూడేసి చేయించడం మేలు. ఒక క్రియేటర్ నోట మీ పేరు మొదటిసారి విన్నప్పుడు ప్రేక్షకులు దాన్ని ప్రకటనగానే చూస్తారు. అదే మనిషి కొన్ని నెలలుగా ఆ వస్తువు వాడుతూ కనిపిస్తే అప్పుడు దాని గురించి అడగడం మొదలుపెడతారు.

వెతకడం మొదలుపెట్టే ముందు:

- లక్ష్యం ఒక్క వాక్యంలో రాసుకున్నారా?
- మాట్లాడే మనిషి, ఆమోదించే మనిషి ఎవరో తేలిందా?
- ఒకే క్రియేటర్‌తో కనీసం మూడు పనులకు సరిపడా డబ్బు పక్కన పెట్టారా?
- స్టాక్, వెబ్‌సైట్, డెలివరీ, కస్టమర్ సపోర్ట్ సిద్ధంగా ఉన్నాయా?

చివరిది చిన్న విషయం కాదు. వీడియో చూసి వచ్చినవాళ్లకి “అవుట్ ఆఫ్ స్టాక్” కనిపిస్తే తిట్లు పడేది క్రియేటర్ కామెంట్లలోనే.

## 2. సరైన క్రియేటర్‌ని ఎంచుకోవడం

ఫాలోవర్ల సంఖ్యను చివర్లో చూడండి. ముందు వాళ్ల వీడియోలు కూర్చుని చూడండి. సౌండ్ ఆపేసి స్క్రోల్ చేయడం కాదు, మొదటి నుంచి చివరిదాకా చూడాలి, కామెంట్లు చదవాలి.

కామెంట్లలో ఏముందో గమనించండి. “సూపర్”, “నైస్”, గుండె గుర్తులే ఉంటే దాన్నుంచి పెద్దగా తెలిసేది ఉండదు. “ఇది రోజూ వాడితే ఎన్నాళ్లు వస్తుంది?”, “మీరు పోయినసారి చెప్పింది కొన్నాను, బాగుంది” లాంటివి కనిపిస్తే అక్కడ నమ్మకం ఉందని అర్థం. క్రియేటర్ వాటికి జవాబులిస్తున్నారా లేదా కూడా చూడండి.

వ్యూస్ లెక్కలో సగటును నమ్మకండి. ఉదాహరణకి ఒకరి చివరి ఏడు వీడియోలకు 8, 9, 10, 11, 12, 14, 400 వేల వ్యూస్ వచ్చాయనుకుందాం. సగటు 66 వేలు దాటుతుంది. కానీ వరుసలో మధ్యలో ఉన్న సంఖ్య 11 వేలే. మీ వీడియోకి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఆ 11 వేలే. రేటు మాట్లాడేటప్పుడు దాన్నే పట్టుకోండి.

ఇంకొకటి, వాళ్ల పాత స్పాన్సర్డ్ పోస్ట్‌లు తప్పకుండా చూడండి. మామూలు వీడియోలకూ వాటికీ వ్యూస్‌లో తేడా ఎంత? ఒకే బ్రాండ్‌తో రెండోసారి, మూడోసారి చేశారా? నెల వ్యవధిలో పోటీ పడే రెండు కంపెనీల వస్తువుల్ని “నేను వాడేది ఇదే” అని చెప్పారా? చెప్పి ఉంటే మీ విషయంలోనూ ఆ మాటకు బరువుండదు.

అడగాల్సినవి:

- గత 30, 90 రోజుల అనలిటిక్స్ స్క్రీన్‌షాట్లు: ప్రేక్షకులు ఏ దేశాలవాళ్లు, ఏ వయసువాళ్లు
- యూట్యూబ్ అయితే రిటెన్షన్ గ్రాఫ్: స్పాన్సర్ భాగం రాగానే ఎంతమంది వదిలేస్తున్నారు
- ప్రస్తుతం ఇంకే బ్రాండ్‌లతో ఒప్పందాలున్నాయి

ఫాలోవర్లు ఒక్కసారిగా పెరిగిన రోజులు గ్రాఫ్‌లో కనిపిస్తే కారణం అడగండి. ఏదైనా వీడియో వైరల్ అయి ఉంటే ఆ వీడియో చూపిస్తారు. చూపించలేకపోతే అక్కడితో ఆగడం మంచిది.

## 3. మొదటి మెసేజ్

“డియర్ క్రియేటర్, మీ కంటెంట్ మాకు చాలా నచ్చింది, కొలాబ్ చేద్దామా?” ఇలాంటివి వాళ్లకి రోజూ వస్తాయి. వాళ్ల పని నిజంగా చూశామని తెలిసేలా, డబ్బు ఇస్తామా లేదా స్పష్టంగా ఉండేలా రాయండి. ఇలా:

“నమస్తే (పేరు) గారూ. వర్షంలో బ్యాగ్‌లు ఎంతవరకు తడుస్తాయో పరీక్షించిన మీ వీడియో చూశాను. నీళ్లు ఎక్కువగా జిప్ దగ్గర నుంచే లోపలికి వస్తున్నాయని మీరు చూపించిన భాగం మా డిజైన్ టీమ్‌కి కూడా పంపాను. మేము బ్యాక్‌ప్యాక్‌లు తయారుచేస్తాం. కొత్త మోడల్ మీద ఒక వీడియో, రెండు స్టోరీలు అనుకుంటున్నాం. ఇది పెయిడ్ పని. ముందు బ్యాగ్ పంపిస్తాం, రెండు వారాలు వాడి చూడండి. నచ్చితేనే ముందుకెళ్దాం. మీ రేట్లు, వీలైన తేదీలు చెప్తారా?”

“నచ్చితేనే” అన్న మాట ఊరికే పెట్టింది కాదు. నచ్చని వస్తువు గురించి బలవంతంగా మాట్లాడితే అది మొహంలో తెలిసిపోతుంది. వాళ్లు వద్దంటే థాంక్స్ చెప్పి, ఎందుకు నచ్చలేదో అడగండి. ఆ జవాబు చాలా సర్వేల కన్నా విలువైనది.

జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. అంతకుమించి వద్దు.

## 4. డబ్బు గురించి సూటిగా మాట్లాడండి

చెల్లింపుల్లో సాధారణంగా కనిపించే పద్ధతులు నాలుగు: ఒక పనికి ఇంత అని ఫిక్స్‌డ్ ఫీజు, అమ్మకాల మీద కమీషన్, ఈ రెండూ కలిపి, నెలకింత అని రిటైనర్. వస్తువిచ్చి సరిపెట్టే బార్టర్ ఐదోది. అది ఇద్దరికీ ఇష్టమైతే తప్పు కాదు గానీ, బార్టర్ డీల్‌లో గడువులు, మార్పులు, యాడ్ హక్కులు డిమాండ్ చేయకండి.

కొత్త బంధానికి ఫిక్స్‌డ్ ఫీజు, దాని మీద కొంత కమీషన్ సరైన పద్ధతి అని నా అభిప్రాయం. కమీషన్ మాత్రమే ఇస్తామంటే రిస్క్ మొత్తం క్రియేటర్ మీద పడుతుంది. మీ వెబ్‌సైట్ స్లోగా ఉన్నా, ధర ఎక్కువైనా నష్టపోయేది వాళ్లే. మూడు నాలుగు పనులు చేశాక ఫలితాలు తెలుస్తాయి కాబట్టి అప్పుడు రిటైనర్‌కి మారొచ్చు.

రేటు బేరమాడాల్సి వస్తే పని తగ్గించి బేరమాడండి. “ఇదే పని సగం డబ్బుకి చేయండి” అనకుండా, “మా బడ్జెట్ ఇంత. స్టోరీలు తీసేస్తే కుదురుతుందా?” అనండి. మొదటి మాటతో గౌరవం పోతుంది. రెండోదానితో చర్చ మొదలవుతుంది.

డబ్బు విషయంలో ముందే రాసుకోవాల్సినవి:

- అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎప్పుడు
- “30 రోజుల్లో” అంటే ఎప్పటి నుంచి 30 రోజులు: పోస్ట్ అయిన రోజు నుంచా, ఇన్వాయిస్ అందిన రోజు నుంచా
- పన్నులు, బ్యాంక్ చార్జీలు, కరెన్సీ మార్పిడి ఖర్చు ఎవరిది
- ఇన్వాయిస్‌లో ఏ వివరాలుండాలి, ఎవరికి పంపాలి
- ఆలస్యమైతే ఏం చేస్తారు

ఈ మొత్తం గైడ్‌లో ఒక్క పనే చేయగలనంటే, చెప్పిన తేదీకి డబ్బు వేయండి. కుదిరితే ఒక రోజు ముందే వేయండి. క్రియేటర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. డబ్బు సరిగ్గా ఇచ్చే బ్రాండ్ పేరు వాళ్ల మధ్య త్వరగానే తెలిసిపోతుంది, ఎగ్గొట్టే బ్రాండ్ పేరు ఇంకా త్వరగా.

## 5. ఒప్పందం: చిన్నదైనా రాతపూర్వకంగా

తర్వాత వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం ఇక్కడ రాయకుండా వదిలేసిన వాటి గురించే ఉంటాయి. రెండు పేజీల ఒప్పందం చాలు, కానీ కింది విషయాలు అందులో ఉండాలి. పెద్ద మొత్తాలైతే లాయర్‌కి చూపించండి.

డెలివరబుల్స్, అంటే క్రియేటర్ చేసి ఇవ్వాల్సినవి. “ఒక వీడియో” అని రాస్తే చాలదు. ఏ ప్లాట్‌ఫాం, ఎంత నిడివి, వీడియో మొత్తం మీ గురించా లేక మధ్యలో ఒక నిమిషమా, లింక్ ఎక్కడ ఉండాలి, పోస్ట్ ఎన్నాళ్లు తీసేయకుండా ఉంచాలి, ఇవన్నీ రాయాలి.

వాడుకునే హక్కులు. క్రియేటర్ తన పేజీలో పోస్ట్ చేయడం ఒకటి. ఆ వీడియోను మీరు మీ పేజీలో పెట్టుకోవడం ఇంకొకటి. దాన్ని డబ్బు పెట్టి యాడ్‌గా నడపడం మూడోది. ఒక్కోదానికి విడిగా అనుమతి, విడిగా ధర, విడిగా గడువు ఉండాలి. చాలా దేశాల్లో రాతపూర్వకంగా బదిలీ చేయనిదే కాపీరైట్ తీసినవాళ్లదే. ఫీజు కట్టాం కాబట్టి ఎక్కడైనా వీడియో మాదే అనుకోవడం చాలా బ్రాండ్‌లు చేసే పొరపాటు.

“శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో” అన్న వాక్యాన్ని టెంప్లేట్ నుంచి తీసేయండి. మీకు నిజంగా కావాల్సింది మూడు నెలలో, ఆరు నెలలో అయితే అంతే అడగండి. తక్కువ ధరకి వస్తుంది, అవతలివాళ్లకి టెన్షన్ ఉండదు.

క్రియేటర్ పేరు మీద యాడ్స్. ఇన్‌స్టాగ్రామ్‌లో పార్ట్‌నర్‌షిప్ యాడ్స్, టిక్‌టాక్‌లో స్పార్క్ యాడ్స్ ద్వారా క్రియేటర్ హ్యాండిల్ (అకౌంట్ పేరు) నుంచే యాడ్ నడపొచ్చు. దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. అడగనూ వద్దు, ఇవ్వనూ వద్దు. ప్లాట్‌ఫాం ఇచ్చే అనుమతి పద్ధతి సరిపోతుంది. ఎంతకాలం, ఏయే దేశాల్లో, క్యాప్షన్ మార్చొచ్చా అన్నవి మాత్రం ముందే తేల్చుకోవాలి.

ఎక్స్‌క్లూజివిటీ. పోటీ బ్రాండ్‌లతో పనిచేయకూడదని అడగొచ్చు, కానీ అది వాళ్ల ఆదాయానికి అడ్డం కట్టడమే కాబట్టి దానికీ ధర ఉంటుంది. “పోటీ బ్రాండ్” అంటే ఎవరో పేర్లతో రాయండి. “లైఫ్‌స్టైల్ విభాగంలో ఎవరితోనూ చేయకూడదు” లాంటి షరతుకి ఒప్పుకునేవాళ్లు ఉండరు. ఒప్పుకుంటే వాళ్లు బతకడం కష్టం.

మార్పుల సంఖ్య. స్క్రిప్ట్ దశలో ఒకసారి, ఎడిట్ అయ్యాక ఒకసారి. ఆపైన అయితే అదనపు ఫీజు. తప్పు బ్రీఫ్‌లోనే ఉంటే రీషూట్ ఖర్చు బ్రాండ్‌ది, బ్రీఫ్ పాటించకపోతే క్రియేటర్‌ది.

రద్దు. షూట్‌కి ముందు రద్దయితే ఎంత, షూట్ అయ్యాక రద్దయితే ఎంత చెల్లిస్తారో రాయాలి. ఎడిట్ కూడా పూర్తయ్యాక మీ కారణంతో ఆపేస్తే పూర్తి ఫీజు ఇవ్వడమే న్యాయం.

గొంతు, ముఖం, ఏఐ. వీడియోలోని గొంతుతో లేదా ముఖంతో ఏఐ ద్వారా కొత్త కంటెంట్ తయారుచేయొచ్చా? స్పష్టంగా “చేయకూడదు” అని, లేదా చేయొచ్చంటే ఎక్కడ, ఎంతకాలం, ఎంతకి అని రాయండి. ఇప్పుడు ఈ క్లాజ్ లేని ఒప్పందం మీద సంతకం పెట్టవద్దని క్రియేటర్లకి నా సలహా.

సంగీతం. మామూలు పోస్ట్‌లకి యాప్‌లో దొరికే సినిమా, ఆల్బమ్ పాటలు స్పాన్సర్డ్ వీడియోలకి పనికిరావు. కమర్షియల్ వాడకానికి అనుమతి ఉన్న మెటా సౌండ్ కలెక్షన్, టిక్‌టాక్ కమర్షియల్ మ్యూజిక్ లైబ్రరీ లాంటి చోట్ల నుంచే తీసుకోండి.

## 6. బ్రీఫ్ ఒక్క పేజీ దాటనివ్వకండి

బ్రీఫ్ పెద్దదయ్యేకొద్దీ వీడియో చచ్చుబడిపోతుంది. స్క్రిప్ట్ మొత్తం రాసిచ్చి చదవమంటే, ఆ క్రియేటర్‌ని ఎంచుకున్న కారణాన్నే చెరిపేసినట్టు.

ఒక పేజీలో ఇవి చాలు:

- ఈ వీడియో చూశాక ప్రేక్షకులకి గుర్తుండాల్సిన ఒక్క విషయం
- తప్పకుండా చెప్పాల్సిన వాస్తవాలు, మూడుకు మించకుండా
- చెప్పకూడనివి: ఆధారం లేని క్లెయిమ్‌లు, పోటీ బ్రాండ్‌ల పేర్లు
- లింక్, ప్రోమో కోడ్, ప్రకటన అని తెలిపే లేబుల్
- డ్రాఫ్ట్ తేదీ, మీ జవాబు తేదీ, పోస్ట్ తేదీ

“మీ జవాబు తేదీ” చాలామంది రాయరు. క్రియేటర్‌కి గడువు పెట్టి, మీరు డ్రాఫ్ట్ మీద పది రోజులు కూర్చుంటే వాళ్ల క్యాలెండర్ అంతా తారుమారవుతుంది. రెండు పనిదినాల్లో జవాబిస్తామని రాసి, దానికి కట్టుబడండి.

## 7. డ్రాఫ్ట్ మీద ఫీడ్‌బ్యాక్ ఇచ్చే పద్ధతి

బంధాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఇలా రాయకండి: “బాగుంది కానీ ఇంకాస్త ఎనర్జీ ఉంటే బాగుండు. మా ఎండీ గారికి ఓపెనింగ్ అంతగా ఎక్కలేదు.”

ఇది చదివి ఏం మార్చాలో ఎవరికీ తెలియదు. ఇలా రాయండి:

“1:12 దగ్గర 25 లీటర్లు అన్నారు, సరైనది 22 లీటర్లు. తప్పనిసరి.
2:40 దగ్గర పూర్తిగా వాటర్‌ప్రూఫ్ అన్నారు. జల్లులు తట్టుకుంటుంది గానీ నీళ్లలో మునిగితే ఆగదు. ఈ మాట మార్చాలి. తప్పనిసరి.
3:05 దగ్గర ల్యాప్‌టాప్ అర షాట్ ఇంకో సెకను ఉంటే బాగుంటుంది. మీ ఇష్టం.
పట్టీ కుట్టు గురించి చెప్పిన విమర్శ అలాగే ఉంచండి. అది నిజమే.”

తేడా చూడండి. ప్రతి మాటకీ టైమ్ ఉంది, కారణం ఉంది, ఏది తప్పనిసరో ఏది వాళ్ల ఇష్టమో తెలుస్తోంది. వాస్తవం తప్పితే, చట్టపరమైన ఇబ్బంది ఉంటే, బ్రీఫ్‌లో రాసినది రాకపోతే అవి తప్పనిసరి. రంగు, వేగం, జోకులు, బట్టలు వాళ్ల ఇష్టం.

చివరి వాక్యం మీద బ్రాండ్‌లు చాలా వాదిస్తాయి. “డబ్బిచ్చి మన లోపాలు మనమే చెప్పించుకోవాలా?” అని. చెప్పించుకోవాలి. చిన్న లోపం నిజాయతీగా చెప్పిన వీడియోలో మిగతా మెచ్చుకోళ్లను కూడా ప్రేక్షకులు నమ్ముతారు. పైగా బ్యాగ్ కొన్నవాళ్లకి ఆ కుట్టు ఎలాగూ కనిపిస్తుంది.

ఫీడ్‌బ్యాక్ అంతా ఒకేసారి, ఒకే డాక్యుమెంట్‌లో పంపండి. మీ టీమ్‌లో అభిప్రాయ భేదాలుంటే పంపే ముందే తేల్చుకోండి.

## 8. ఇది ప్రకటన అని చెప్పడం

దీనిలో రాజీ లేదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో తన ఎండార్స్‌మెంట్ (వస్తువుల్ని సిఫారసు చేయడం) మార్గదర్శకాలను సవరించింది. ఇండియాలో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఏఎస్‌సీఐ 2021లో ఇన్‌ఫ్లూయెన్సర్ మార్గదర్శకాలు తెచ్చింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. బ్రిటన్‌లో ప్రకటనల నియంత్రణ సంస్థ ఏఎస్ఏ ఈ విషయం చూస్తుంది. వివరాలు దేశాన్ని బట్టి మారతాయి. మూలసూత్రం ఒక్కటే: ఇద్దరి మధ్య లావాదేవీ ఉంటే అది ప్రేక్షకులకి తెలియాలి. ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా లావాదేవీ కిందికే వస్తుంది.

- లేబుల్ క్యాప్షన్ మొదట్లోనే ఉండాలి, హ్యాష్‌ట్యాగ్‌ల గుంపులో చివర కాదు
- వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, కింద డిస్క్రిప్షన్‌లో మాత్రమే కాదు
- వీడియో ఏ భాషలో ఉంటే లేబుల్ కూడా ఆ భాషవాళ్లకి అర్థమయ్యేలా ఉండాలి
- లైవ్ అయితే మధ్యమధ్యలో మళ్లీ చెప్పాలి
- ప్లాట్‌ఫాం లేబుల్ కూడా ఆన్ చేయాలి: ఇన్‌స్టాగ్రామ్‌లో పెయిడ్ పార్ట్‌నర్‌షిప్, యూట్యూబ్‌లో పెయిడ్ ప్రమోషన్

యూట్యూబ్ లేబుల్ వీడియో మొదట్లో కొన్ని సెకన్లే కనిపిస్తుంది. దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా నోటితో కూడా చెప్పించండి.

## 9. పోస్ట్ అయ్యే రోజు

లింక్, కోడ్ పోస్ట్‌కి ముందే మీ ఫోన్‌లో ఒకసారి, వేరేవాళ్ల ఫోన్‌లో ఒకసారి పరీక్షించండి. మొదటి కొన్ని గంటలు కామెంట్లలో వచ్చే సాంకేతిక ప్రశ్నలకి జవాబులు క్రియేటర్‌కి అందించడానికి మీ మనిషి అందుబాటులో ఉండాలి. పోస్ట్ అవగానే థాంక్స్ చెప్పండి. వ్యూస్ ఎన్నొచ్చాయని ఆ సాయంత్రమే అడగకండి.

## 10. లెక్క చూసుకోండి, లెక్క చెప్పండి

ప్రతి క్రియేటర్‌కీ విడి యూటీఎం లింక్ (ఎవరి పోస్ట్ నుంచి వచ్చారో తెలిపే లింక్), విడి ప్రోమో కోడ్ ఇవ్వండి. రెండూ కావాలి. కొందరు లింక్ నొక్కరు, తర్వాత పేరు గుర్తుపెట్టుకుని నేరుగా సైట్‌కి వస్తారు. కోడ్‌లు కూపన్ సైట్లకి లీకవడం మామూలే. ఒక కోడ్ మీద అమ్మకాలు అకస్మాత్తుగా పెరిగితే ఆ ఆర్డర్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. ఆర్డర్ పూర్తయ్యాక “మా గురించి ఎక్కడ విన్నారు?” అని ఒక్క ప్రశ్న పెడితే లింక్, కోడ్ రెండూ పట్టుకోలేనివి కొన్ని దొరుకుతాయి.

ఎప్పుడు చూడాలన్నదీ ముఖ్యం. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది కాబట్టి దాని ఫలితం మర్నాటికే తెలుస్తుంది. యూట్యూబ్ వీడియో అలా కాదు, సెర్చ్ ద్వారా నెలల తరబడి జనం వస్తూనే ఉంటారు. దానికి 7, 30, 90 రోజుల దగ్గర మూడుసార్లు చూడండి. వారానికే “ఫ్లాప్” అని తేల్చేయకండి.

ఇప్పుడు అసలు పని. ఆ లెక్కలు క్రియేటర్‌కి చెప్పండి. ఎంతమంది లింక్ నొక్కారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, కస్టమర్లు ఏమన్నారు. చాలా బ్రాండ్‌లు దీన్ని దాచుకుంటాయి, ఫలితం బాగుందని తెలిస్తే రేటు పెంచుతారేమోనని. కానీ ఏ భాగం పనిచేసిందో తెలియనివాళ్లు రెండో వీడియోను మెరుగ్గా ఎలా చేస్తారు? ఫలితం బాగా లేకపోయినా చెప్పండి. ధర ఎక్కువైందా, ల్యాండింగ్ పేజీ (లింక్ నొక్కగానే తెరుచుకునే పేజీ) బాగాలేదా, వీడియోలో వస్తువు ఆలస్యంగా వచ్చిందా అని కలిసి చూడండి.

## 11. క్రియేటర్లు తమ వైపు చూసుకోవాల్సినవి

మీ రేట్లు ఒక పేజీలో రాసి పెట్టుకోండి. అందులో పోస్ట్ ధర, యాడ్ హక్కుల ధర, ఎక్స్‌క్లూజివిటీ ధర విడివిడిగా ఉండాలి. అన్నీ ఒకే అంకెలో కలిపేస్తే ఏది ఉచితంగా పోతోందో మీకే తెలియదు.

వాడని వస్తువుకి ఒప్పుకోవద్దు. ఆలస్యమయ్యేలా ఉంటే గడువు దాటాక కాకుండా, తెలిసిన రోజే చెప్పండి. బ్రాండ్ అడక్కపోయినా నెల తర్వాత అర పేజీ రిపోర్ట్ పంపండి: వ్యూస్, సేవ్‌లు, తరచూ వచ్చిన మూడు ప్రశ్నలు, తర్వాతి వీడియోకి మీ ఆలోచన. ఈ పని చేసేవాళ్లు తక్కువ. చేసేవాళ్లని బ్రాండ్‌లు వదులుకోవు.

ఒకే బ్రాండ్ మీద ఆదాయం మొత్తం ఆధారపడే స్థితి రానివ్వకండి. అలా అయితే వద్దని చెప్పే ధైర్యం పోతుంది. దాంతో పాటే ప్రేక్షకుల నమ్మకమూ పోతుంది.

## 12. ఒక్క పోస్ట్ నుంచి దీర్ఘకాలానికి

రెండు మూడు పనులు సాఫీగా జరిగాక ఆరు నెలల ఒప్పందం ప్రతిపాదించండి. ఏడాదికి తొందరపడొద్దు. ఆరు నెలల్లో ఎన్ని పోస్ట్‌లో రాసి, ఏ నెలలో ఏది అన్నది కాస్త వదులుగా ఉంచండి. 30 రోజుల నోటీసుతో ఎవరైనా బయటికి రావచ్చని రాయండి. బయటికి దారి ఉందని తెలిస్తే ఇద్దరూ ధైర్యంగా లోపలికి వస్తారు.

ప్రతి నెలా అదే మాట చెప్పించకండి. మొదట పరిచయం, తర్వాత రోజువారీ వాడకం, తర్వాత ప్రేక్షకుల ప్రశ్నలకి జవాబులు, ఆరు నెలల తర్వాత “ఇప్పటికి ఎలా ఉంది” అని మళ్లీ రివ్యూ. ఆ చివరి రకం వీడియో కొత్త క్రియేటర్ ఎవరూ చేయలేరు. దీర్ఘకాల బంధానికి దక్కే ఫలం అదే.

కొత్త వస్తువు డిజైన్ దశలోనే వాళ్లకి చూపించి అభిప్రాయం అడగండి. అందుకు వాళ్ల సమయం తీసుకుంటున్నారు కాబట్టి డబ్బు ఇవ్వండి.

మూడు నెలలకోసారి అరగంట కాల్ పెట్టుకుని ఈ ప్రశ్నలు అడగండి:

- మాతో పనిలో మీకు విసుగు తెప్పిస్తున్నది ఏంటి?
- మీ ప్రేక్షకులు మా గురించి ఏమంటున్నారు?
- ఏది ఆపేద్దాం?
- రేటు మళ్లీ మాట్లాడుకోవాలా?

## 13. తేడా వచ్చినప్పుడు

డ్రాఫ్ట్ ఆలస్యమైతే: మొదటిసారి కారణం అడిగి కొత్త తేదీ రాయించుకోండి. అదే మళ్లీ జరిగితే పోస్ట్‌ల సంఖ్య తగ్గించండి.

మీ వైపు డబ్బు ఆలస్యమైతే: వాళ్లు అడిగేదాకా ఆగకండి. తేదీ దాటకముందే కారణం, కొత్త తేదీ చెప్పండి. ఆ తేదీ మళ్లీ మార్చకండి.

వస్తువులో లోపం బయటపడితే: క్రియేటర్‌కి మీ దగ్గర నుంచే ముందు తెలియాలి, కామెంట్ల ద్వారా కాదు. రీఫండ్ ఎలా ఇస్తున్నారో రాసి ఇవ్వండి, వాళ్లు ప్రేక్షకులకి చెప్పుకోగలగాలి.

క్రియేటర్ వివాదంలో పడితే: రాబోయే పోస్ట్‌లు కొద్దిరోజులు ఆపి, ముందు వాళ్లతో ఫోన్‌లో మాట్లాడండి. విషయం తెలియకుండా బహిరంగ ప్రకటన ఇవ్వకండి. ఏయే సందర్భాల్లో ఒప్పందం రద్దవుతుందో ముందే రాసి ఉంటే ఈ రోజున గందరగోళం ఉండదు.

మీ టీమ్‌లో మనిషి మారితే: పాత మనిషి, కొత్త మనిషి, క్రియేటర్ ముగ్గురూ కలిసి ఒక కాల్. ఒప్పందం, పాత ఫీడ్‌బ్యాక్, ఫలితాలు ఒకే ఫోల్డర్‌లో అప్పగించండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్లే ఎన్నో మంచి బంధాలు ఊరికే ఆగిపోతుంటాయి.

విడిపోవాలనుకుంటే: మెసేజ్‌లకి జవాబివ్వడం మానేసి తప్పించుకోకండి. కారణం చెప్పి, నోటీసు గడువు పాటించండి. మిగిలిన డబ్బు వేసేయండి. కోడ్ ఏ రోజు ఆగిపోతుందో ముందే చెప్పండి, వాళ్ల ప్రేక్షకులు పనిచేయని కోడ్‌తో ఇబ్బంది పడకూడదు. వాళ్ల హ్యాండిల్ మీద నడుస్తున్న యాడ్స్ ఆపి, అనుమతులు తొలగించండి. హక్కుల గడువు ముగిసిన రోజున వాళ్ల వీడియోలు మీ సైట్ నుంచి, యాడ్ అకౌంట్ నుంచి తీసేసి, తీసేశామని ఒక మెయిల్ పెట్టండి.